బాబ్ డైలాన్ కచేరీకి వెళ్లేవారికి

సినిమా పాటల ఆర్కెస్ట్రా విని బయటికి వచ్చే మన శ్రోత గాయకుడికి ఇచ్చే పెద్ద మెప్పు ఒకటి ఉంది: అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడాడు. ఘంటసాల సాగదీసిన చోటే సాగదీసి, ఆయన ఆగిన చోటే ఆగినవాడికి చప్పట్లు మారుమోగుతాయి. ఈ కొలబద్ద పట్టుకుని, తన పాటలనే మార్చి మార్చి పాడే అమెరికా గాయకుడు బాబ్ డైలాన్ కచేరీకి వెళ్లినవారు మూడో పాట దగ్గరే డబ్బు దండగైందని నిట్టూరుస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అదే పని చేశాను. కాలేజీ రోజుల్లో అరిగిపోయేదాకా విన్న ఒకే ఒక్క క్యాసెట్టును మనసులో పెట్టుకుని కూర్చున్నాను గనుక, ఎదురుగా జరుగుతున్నది నాకు వినబడలేదు. అమెరికాలోనో ఐరోపాలోనో ఉంటూ, తమ ఊరికి డైలాన్ వస్తున్నారని తెలిసి వెళ్దామా వద్దా అని ఊగిసలాడే తెలుగువారికి నాలాంటి పొరపాటు జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఆయన ఎలాంటి కళాకారుడో తెలుసుకోవాలి. 1941 మే 24న మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టిన డైలాన్, 1961లో న్యూయార్క్ చేరి, గిటారు, మౌత్ ఆర్గన్ పట్టుకుని జానపద గీతాలు పాడుతూ పేరు తెచ్చుకున్నారు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ఎలక్ట్రిక్ గిటారుతో వేదిక ఎక్కినప్పుడు శ్రోతల్లో కొందరు అరిచి గోల చేశారు. మరుసటి ఏడాది మే 17న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒకరు లేచి, క్రీస్తును పట్టించిన జూడాస్ పేరుతో ఆయనను తిట్టారు. అంటే "ఈయన పాట మార్చేశాడు" అనే ఫిర్యాదుకు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఇన్నేళ్లలో దాన్ని పట్టించుకుని ఆయన వెనక్కి వెళ్లింది లేదు. 1988 జూన్ 7న కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో మొదలుపెట్టిన కచేరీల పరంపర 2019 నాటికి 3,000 దాటింది. మహమ్మారి వల్ల కొంతకాలం ఆగి, 2021 నవంబరు 2న మిల్వాకీలో మళ్లీ మొదలైంది. 2016లో సాహిత్యానికి నోబెల్ వస్తే డిసెంబరు సభకు స్టాక్‌హోమ్ వెళ్లని మనిషి, మరుసటి ఏప్రిల్‌లో అదే ఊళ్లో తన కచేరీలు ఉన్నప్పుడు పతకం అందుకున్నారు. ఈ ఒక్క సంగతి ఆయన తీరు గురించి చాలా చెబుతుంది.

టికెట్ కొనడానికి ఆయన అధికారిక వెబ్‌సైటులోని పర్యటన పుటతోనే మొదలుపెట్టండి. అక్కడ ప్రతి తేదీ పక్కనా ఉండే లంకె ఆ హాలుకు టికెట్లు అమ్మే అసలు సంస్థ దగ్గరికి తీసుకువెళుతుంది. హాలు పేరు గూగుల్‌లో కొట్టి పైన కనిపించిన మొదటి దాన్ని నొక్కితే, హాలు పేరును పోలిన పేరు పెట్టుకున్న మారు అమ్మకందారు దగ్గర తేలే అవకాశం ఎక్కువ. అక్కడ అదే సీటు రెండింతల ధరకు కనిపించినా ఆశ్చర్యం లేదు. సేవా రుసుములన్నీ చివరి మెట్టులో కలిపి గుండె గుభేలుమనిపించే అలవాటుకు అమెరికాలో 2025 మే 12న అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన అడ్డుకట్ట వేసింది గనుక, ఇప్పుడు మొదట చూపించే ధరలోనే తప్పనిసరి రుసుములు కలిసి ఉండాలి. అలా లేకపోతే ఆ అమ్మకందారును అనుమానించవచ్చు. మొదటి రోజు దొరకనంత మాత్రాన ఆశ వదులుకోనక్కర్లేదు. సాంకేతిక సిబ్బంది కోసం అట్టిపెట్టిన సీట్లను కొన్ని హాళ్లు చివరి రోజుల్లో అసలు ధరకే విడుదల చేస్తాయి. కచేరీ నాటి ఉదయం ఒకసారి చూసుకుంటే పోయేదేమీ లేదు.

ఆయన కచేరీలు ఈ మధ్య రెండు రకాలుగా జరుగుతున్నాయి. ఒకటి, రెండు మూడు వేల మంది పట్టే పాతకాలపు నాటకశాలల్లో ఆయన ఒక్కరే, తన బృందంతో, దాదాపు గంటా నలభై అయిదు నిమిషాల పాటు పాడేది. రెండవది, అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ ఊరూరా నడిపే సంచార సంగీతోత్సవంలో భాగంగా ఆరుబయట, మరో ముగ్గురు నలుగురు కళాకారుల నడుమ పాడేది. 2024, 2025 వేసవుల్లో ఆయన అందులో పాల్గొన్నారు. ఎంచుకునే వీలుంటే నాటకశాలకే వెళ్లమంటాను. ఆరుబయట పచ్చికలో దుప్పటి పరుచుకుని, పిల్లలతో కబుర్లాడుకుంటూ వినడం హాయిగానే ఉంటుంది, కాని డైలాన్ పాటకు కావలసింది అలాంటి హాయి కాదు. ఆయన గొంతు ఇప్పుడు గరగరలాడే గుసగుస లాంటిది. పెద్ద మైదానంలో ఆ గుసగుస గాలికి పోతుంది, గోడలు దగ్గరగా ఉన్న హాలులో చెవి పక్కనే చెప్పినట్టు వినిపిస్తుంది.

సీటు విషయంలో మన సహజ బుద్ధి మొదటి వరుస వైపు లాగుతుంది. ఇక్కడ ఆ బుద్ధి పనికిరాదు. 2002 నుంచి ఆయన కచేరీల్లో ఎక్కువసేపు కీబోర్డు దగ్గరో పియానో దగ్గరో గడుపుతున్నారు. గిటారు పట్టుకోవడం అరుదు. నేల మట్టంలో వేదికకు మరీ దగ్గరగా కూర్చుంటే పియానో అడ్డొచ్చి, దాని మీదుగా జుట్టు మాత్రమే కనిపించవచ్చు. పైగా వేదిక మీద దీపాలు కూడా మసక వెలుతురు మించవు, ముఖాన్ని పెద్దగా చూపించే తెరలు ఉండవు. బాల్కనీలో మొదటి వరుస మధ్య సీట్లు నా దృష్టిలో అన్నిటికన్నా మేలు: పియానో మీద చేతులు, ఆయన వైపే చూస్తున్న వాద్యకారుల ముఖాలు అక్కడి నుంచి తెలుస్తాయి, ధ్వని కూడా అన్ని వాద్యాలదీ సమంగా కలిసి చేరుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెంట తీసుకెళ్తుంటే మాత్రం బాల్కనీ మెట్లు ఎన్నో ముందే కనుక్కోండి. ఈ పాత నాటకశాలలు కొన్నిటిలో పై అంతస్తుకు లిఫ్టు ఉండదు.

ఇక అసలు పని, వినడానికి సిద్ధపడడం. కనీసం పదిహేను రోజుల ముందు మొదలుపెట్టాలి. 2021లో మొదలైన పర్యటన 2020 జూన్‌లో వచ్చిన "రఫ్ అండ్ రౌడీ వేస్" ఆల్బమ్ పేరుతోనే సాగింది. ఆ ఆల్బమ్‌లోని పది పాటల్లో తొమ్మిదింటిని ఆయన వేదిక మీదికి తెచ్చారు. అందరికీ తెలిసిన అరవైల నాటి పాటల్లో చాలా వాటికి ఆ రాత్రుల్లో చోటు దక్కలేదు. తెలిసిన నాలుగు పాటల కోసం కాచుకుని కూర్చునేవారికి అందుకే నిరాశ తప్పదు. వేదిక మీద ఈ మధ్య ఏం పాడుతున్నారో తెలుసుకోవడం తేలిక, ఎందుకంటే ఆయన వెబ్‌సైటులోనే గడిచిన ప్రతి కచేరీలో పాడిన పాటల పట్టిక దొరుకుతుంది. మీ కచేరీకి ముందు జరిగిన మూడు నాలుగు రాత్రుల పట్టికలు చూసి, వాటన్నిటిలో కనిపించే పాటలను ఏరి పెట్టుకోండి. ముందే తెలిస్తే ఆసక్తి పోతుందని కొందరంటారు. త్యాగరాజ కీర్తన ఏది పాడబోతున్నారో తెలిసినంత మాత్రాన కచేరీ ఆనందం తగ్గదు కదా, ఇదీ అంతే.

ఏరిన పాటల సాహిత్యాన్ని ముందు కంటితో చదవండి, ఆ తర్వాతే చెవితో వినండి. ఆ సాహిత్యం కూడా అదే వెబ్‌సైటులో ఉంది. అమెరికాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవారికి సైతం ఆయన ఉచ్చారణ వేదిక మీద సగమే అందుతుంది, ఇందులో ఇంగ్లిషు రాకపోవడమనే మాటే లేదు, అక్కడ పుట్టినవాళ్ల పరిస్థితీ అదే. పాదం చివరి మాటలను, ప్రాసలను గుర్తు పెట్టుకుంటే చాలు, హాలులో మధ్య మాటలు జారిపోయినా చివరి మాట దగ్గర పాట మళ్లీ చేతికి దొరుకుతుంది. మన పద్యం చదివేటప్పుడు యతి దగ్గర ఊపిరి నిలదొక్కుకున్నట్టే ఇక్కడ ప్రాస దగ్గర నిలదొక్కుకోవాలి.

దీనితో పాటు చేయవలసిన సాధన ఒకటుంది, నన్ను మార్చింది అదే. ఆయన పాట ఒకదాన్ని తీసుకుని, వేర్వేరు కాలాల్లో ఆయనే ఎలా పాడారో వరుసగా వినండి. ఉదాహరణకు "డోంట్ థింక్ ట్వైస్, ఇట్స్ ఆల్‌రైట్" అనే పాట 1963లో వచ్చిన స్టూడియో రికార్డులో వేలికొనలతో మీటే గిటారు మీద, విడిపోతున్న మనిషి నింపాదిగా చెప్పిన మాటలా ఉంటుంది. 1974 నాటి పర్యటన ఆల్బమ్‌లో అదే పాటను ఒంటరిగా గిటారుతోనే పాడినా, గొంతు చించుకుని సవాలు విసురుతున్నట్టుంటుంది. 1978లో టోక్యోలో రికార్డు చేసిన కచేరీ ఆల్బమ్‌లోనైతే పెద్ద బృందం వెనుక ఉండగా జమైకా దేశపు రెగె లయలోకి దిగిపోతుంది. మాటలు దాదాపు అవే, మనిషి అతడే, పాట మాత్రం మూడు. ఒక సాయంత్రం ఈ మూడూ వరుసగా విన్నాక, అసలు రికార్డు అనేది ఆ పాట తీసుకున్న అనేక రూపాల్లో మొదటిది మాత్రమేనని తెలిసివస్తుంది.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ ఊహ కొత్తది కాదు. ఒకే పల్లవిని సంగతుల మీద సంగతులు వేసి పాడితే, నెరవల్‌లో ఒక పాదాన్ని పది రకాలుగా తిప్పితే, మనం దాన్ని మనోధర్మం అని మెచ్చుకుంటాం. తేడా ఏమిటంటే, అక్కడ రాగం, తాళం, సాహిత్యం అనే గట్లు చెక్కుచెదరవు. డైలాన్ ఆ గట్లను కూడా తెంపుతారు. శ్రుతి మారుస్తారు, తాళం మారుస్తారు, 1971 నాటి "వెన్ ఐ పెయింట్ మై మాస్టర్‌పీస్" వంటి పాటల్లో చరణాలకు చరణాలే తిరగరాశారు. అందుచేత కచేరీకి మనోధర్మం వినబోతున్న మనసుతో వెళ్లండి, కాని రాగం పేరు మొదటి పలుకులోనే పట్టేయగలనన్న ధీమాను ఇంట్లో వదిలిపెట్టండి.

ఫోను గురించి వేరుగా చెప్పాలి. కొన్నేళ్లుగా నాటకశాల కచేరీల్లో శ్రోతలు ఫోను వాడడానికి వీల్లేదు. ద్వారం దగ్గర సిబ్బంది మీ ఫోనును చిన్న సంచిలో పెట్టి అయస్కాంతపు తాళం వేసి మళ్లీ మీ చేతికే ఇస్తారు. అది మీ దగ్గరే ఉంటుంది, తెరుచుకోదు. బయటికి వెళ్లేటప్పుడు తాళం తీస్తారు. మధ్యలో తప్పనిసరిగా మాట్లాడవలసి వస్తే వసారాలో అందుకు కేటాయించిన చోటికి వెళ్లి తెరిపించుకోవచ్చు. దీనికి తగినట్టు కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. సీటు నంబరును, కారు పెట్టిన చోటును ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే టికెట్ కూడా ఆ ఫోనులోనే ఉంటుంది. వెంట వచ్చినవారు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి. పిల్లలను చూసుకుంటున్న వారికి, రెండు గంటలు ఫోను ఎత్తలేరని తెలియాలి. చక్కెర స్థాయిని ఫోనులో చూపించే పరికరం శరీరానికి అతికించుకున్నవారు ఆ మాట సిబ్బందికి ముందుగానే చెబితే వేరే రకం సంచి ఇస్తారు. చేతి గడియారం ఉంటే పెట్టుకోండి. ఉత్సవాల్లో ఈ నియమం వేరుగా ఉండవచ్చు గనుక టికెట్ మీది షరతులు చదువుకోవడం మంచిది.

ఈ నియమం మీద విసుక్కునేవారున్నారు. నాకు మాత్రం ఇది ఆ కచేరీలోని పెద్ద సుఖాల్లో ఒకటిగా తోచింది. మన ఊళ్లలో పెద్ద సంగీత దర్శకుల సభలకు వెళ్లి చూడండి, వేదికను నేరుగా చూసేవారికన్నా ముందు సీటువాడు ఎత్తిపట్టిన తెరలో చూసేవారే ఎక్కువ. ఇక్కడ దీపాలు ఆరగానే హాలంతా నిజంగా చీకటవుతుంది. ఆ చీకట్లో రెండు వేల మంది ఒక ముసలాయన ఊపిరి కోసం చెవులు రిక్కించడం అనుభవిస్తేనే తెలుస్తుంది.

టికెట్ మీద రాసిన సమయానికి కనీసం ముప్పావు గంట ముందు చేరుకోండి. తనిఖీకి, సంచుల వరుసకు ఆ మాత్రం సమయం పడుతుంది, పైగా నాటకశాల కచేరీల్లో ముందు పాడే మరో బృందం ఉండదు, చెప్పిన వేళ దాటాక కొద్ది నిమిషాలకే మొదలవుతుంది. తెలుగు సభల సమయానికి అలవాటుపడి నెమ్మదిగా కాఫీ తాగి వెళ్తే రెండు పాటలు పోయినట్టే. చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు ఒక జత జేబులో ఉంచుకోండి. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే క్షేమం. డైలాన్ నాటకశాల కచేరీలు రాక్ సంగీతంలో మెత్తని కోవకే చెందుతాయి, అయినా ఉత్సవంలో ఆయనకు ముందు పాడే బృందాల గురించి ఆ హామీ ఇవ్వలేను.

కచేరీ మొదలయ్యాక పాట పేరు వెతుక్కునే పనిలో పడకండి, అది మెదడును మొత్తం తినేస్తుంది. ముందు లయ ఏమిటో పట్టుకోండి. ఆయన మాట లయకు కొంచెం ముందో వెనుకో పడుతుంది. ఒక పాదాన్ని ఒక్క గుక్కలో కుక్కేసి, తర్వాతి పాదంలో ఒకే మాటను చాలాసేపు వేలాడదీస్తారు. హరికథలో దాసుగారు వచనం నుంచి పాటలోకి జారే అంచు ఒకటి ఉంటుంది చూడండి, అది మాటా కాదు, పాటా కాదు. డైలాన్ గొంతు ఇప్పుడు ఎక్కువసేపు ఆ అంచు మీదే నడుస్తుంది. అది తెలిసిన చెవికి, వయసు వల్ల గాత్రం పాడైందన్న మాట సగం నిజంగానే వినిపిస్తుంది. మిగతా సగం ఆయన ఎంచుకున్న దారి.

పాట కొరుకుడు పడని చోట వాద్యకారులను చూడండి. 1989 నుంచి ఆయన పక్కన బాస్ గిటారు వాయిస్తున్న టోనీ గార్నియర్ తరచూ డైలాన్ చేతుల వైపు కళ్లు నిలిపి ఉంటారు. పియానో మీద ఎప్పుడు ఏ మలుపు వస్తుందో ముప్పై అయిదేళ్లకు పైగా పక్కనే ఉన్న మనిషి కూడా కనిపెట్టుకునే ఉండాలి. ఒక్కోసారి పియానోలో తప్పు పలికిందా, కావాలనే అలా వాయించారా అన్నది తేలదు. అదే స్వరాన్ని రెండోసారి, మూడోసారి కూడా మొండిగా మోగిస్తుంటే బృందం దాని చుట్టూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటును చూడడానికే నేను మళ్లీ మళ్లీ వెళ్తున్నానేమో.

అరిచి పాట కోరకండి. మన పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి పద్యానికి జనం వన్స్ మోర్ అంటే, నటుడు రాగం మరింత సాగదీసి మళ్లీ పాడి మెప్పించేవాడు. డైలాన్ దగ్గర ఆ బేరం కుదరదు. బృందాన్ని పరిచయం చేయడం తప్ప ఆయన మాట్లాడేది చాలా తక్కువ, 2021లో మొదలైన పర్యటనలో, తొలి కొన్ని రాత్రులు తప్పిస్తే, చివరి పాట అయ్యాక తిరిగి వచ్చి మరొకటి పాడే ఆనవాయితీని కూడా దాదాపుగా పాటించలేదు. 2021 నుంచి 2024 వరకు నాటకశాలల్లో ఎక్కువ రాత్రులు ముగించింది 1981 నాటి "ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్" పాటతో. అది విన్నారంటే ఇక లేవవచ్చని అర్థం. చప్పట్ల మధ్య ఆయన వేదిక ముందుకు వచ్చి, ఒక మాట కూడా మాట్లాడకుండా కొన్ని క్షణాలు నిలబడి లోపలికి వెళ్లిపోతారు. ఇంటికి వచ్చిన చుట్టం వెళ్లొస్తానని కూడా చెప్పకుండా పోయినట్టు మనవాళ్లకు అనిపించవచ్చు, పట్టించుకోకండి.

ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు వెంట ఉంచుకోమని చివరిగా చెబుతాను. చీకట్లోనే, గుర్తుపట్టలేని ప్రతి పాటకూ వినబడిన ఒక మాటో, లయ ఎలా ఉందో, మౌత్ ఆర్గన్ వచ్చిందో లేదో గీకి పెట్టుకోండి. వసారాలో సంచి తాళం తీయించుకునే వరుస పొడుగ్గా ఉంటుంది. అక్కడే పక్కవారితో సరిచూసుకుంటే సగం పేర్లు తేలిపోతాయి, యాభై ఏళ్లుగా ఆయన వెంట తిరుగుతున్నవారు ఒకరిద్దరైనా ఆ వరుసలో ఉంటారు. మిగిలినవాటిని మర్నాడు వెబ్‌సైటులోని పట్టికతో పోల్చండి. మొదటి కచేరీ మర్నాడు నేను అలా పోల్చి చూస్తే, కొత్త పాట కాబోలు అనుకుని విసుగ్గా విన్న నాలుగో పాట నా కాలేజీ క్యాసెట్టులో రెండో వైపు మొదట ఉన్నదేనని తేలింది.